ముందు ఎండుటాకులు, తర్వాతే కంపోస్ట్ బకెట్

వంటింటి చెత్తతో కంపోస్ట్ ఎరువు చేద్దామనుకుంటున్నాను, ఏ డబ్బా కొనమంటారు అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే, మీ ఇంట్లో ఎండుటాకులు ఎన్ని గోనెలున్నాయి అని. చాలామంది ఒక్క గోనె కూడా లేదంటారు. అలాంటప్పుడు డబ్బా కొనకండి, ముందు ఆకులు పోగేయండి. ఇదేదో పట్టింపు కొద్దీ చెప్పడం లేదు, నా మొదటి బకెట్ నేర్పిన పాఠమిది.

విశాఖపట్నంలో రెండో అంతస్తులో ఉంటాం, పైన మిద్దె మీద ఓ ముప్పై కుండీలు. మొదటిసారి ఉత్సాహంగా కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పిప్పి అన్నీ ఒక బకెట్‌లో పోసి గట్టిగా మూత బిగించి ఇరవై రోజులు వదిలేశాను. మూత తీసిన రోజున కింద ఇంటావిడ మెట్లెక్కి వచ్చి "ఏదైనా ఎలుక చచ్చిందేమో చూడమ్మా" అన్నారు. ఎలుకేం కాదు, అది నా ఎరువే. కన్నాల్లేని బకెట్, బిగించిన మూత, లోపల ఒక్క ఎండుటాకు లేదు. ఇంకెలా ఉంటుంది?

కూరగాయల చెత్తలో ఎక్కువ భాగం నీళ్ళే. కుళ్ళేకొద్దీ అది కూలబడి ముద్దవుతుంది, మధ్యలో గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు పని అందుకుంటాయి, ఆ కంపు వాటిదే. నలిపిన ఎండుటాకులు కలిపితే ముద్దకి మధ్య ఖాళీలు ఏర్పడతాయి, ఎక్కువైన తడిని అవి పీలుస్తాయి, తడిచెత్తలో తక్కువగా ఉండే కార్బన్ కూడా వాటిలోంచే వస్తుంది. కార్బన్ ముప్పై పాళ్ళు ఉంటే నత్రజని ఒక పాలు ఉండాలంటారు పుస్తకాల్లో. దాన్ని తక్కెట్లో తూచలేం కదా, అందుకని వంటింటి లెక్క పెట్టుకోండి: గిన్నెడు తడిచెత్తకి రెండు గిన్నెలు నలిపిన ఆకులు. బరువు కాదు, గిన్నె కొలతే. ఆకులు కాస్త ఎక్కువైతే పని నెమ్మదిస్తుంది, అంతే. తక్కువైతే మాత్రం కంపు కొడుతుంది.

ఆకులు ఎప్పుడు దొరుకుతాయంటే, సంక్రాంతి వెళ్ళాక వేప రాల్చడం మొదలుపెడుతుంది, ఉగాది దాకా కానుగ, బాదం, నిద్రగన్నేరు అన్నీ వంతులవారీగా రాలుస్తూనే ఉంటాయి. ఏడాదికి సరిపడా ఆకు ఆ రెండు మూడు నెలల్లోనే దాచుకోవాలి, శ్రావణంలో వెతికితే తడిసి నల్లబడ్డ ఆకే దొరుకుతుంది. 2014లో హుద్‌హుద్ వచ్చి చెట్లన్నీ పడిపోయాక మా వీధిలో నాటిన కానుగలు ఇప్పుడు మేడ ఎత్తున్నాయి. పొద్దున్నే ఊడ్చేవాళ్ళు ఆ ఆకుల్ని పోగేసి అగ్గిపుల్ల గీసేవాళ్ళు. నాలుగు ఖాళీ బియ్యం సంచులిచ్చి ఇందులో వేసిపెట్టమ్మా అని అడిగాను, పొగ తప్పిందని వాళ్ళకీ సంతోషమే. నలుగురం ఉండే ఇంటికి అలా నింపిన పెద్ద సంచులు ఎనిమిది, పది ఉంటే ఏడాది దాదాపు గడిచిపోతుంది. సంచి మూతి కట్టి పిల్లల్ని ఎక్కి తొక్కమంటే ఆకులు నలుగుతాయి, వాళ్ళకి ఆట. బాదం ఆకు, మామిడాకు మందంగా ఉంటాయి కాబట్టి నలపకపోతే ఆరు నెలలైనా అలాగే కనిపిస్తాయి.

ఆకులు దొరకనివాళ్ళకి కొబ్బరి పొట్టు ఉంది, అదే కోకోపీట్ అని అమ్మేది. వేరుశనగ తొక్కలు చాలా మంచివి. ఎండబెట్టిన చెరకు పిప్పి, కత్తిరించిన వరిగడ్డి, గుడ్ల అట్టలు చింపిన ముక్కలు, న్యూస్ పేపర్ పీలికలు ఇవన్నీ పనికొస్తాయి. రంపపు పొట్టు అయితే పిడికెడు చొప్పున మాత్రమే, అదీ ప్లైవుడ్ కోసినది కాకుండా మామూలు కర్రది.

బకెట్ సంగతి

పెయింట్ వేసేవాళ్ళ దగ్గర ఇరవై లీటర్ల ఖాళీ బకెట్లు దొరుకుతాయి, శుభ్రంగా కడిగి వాడుకోండి. వేలకి వేలు పోసి కొనే రంగురంగుల డబ్బాలు చేసేదీ ఇదే పని. రెండు బకెట్లు కావాలి, మూడుంటే హాయి. ఒకటి నిండుతుంటే ఇంకోటి మాగుతుంటుంది. చుట్టూ నాలుగు వేళ్ళ ఎడంగా చిటికెనవేలు పట్టేంత కన్నాలు, అడుగున ఐదారు, మూతకి కొన్ని. డ్రిల్లింగ్ మిషన్ లేకపోతే స్క్రూడ్రైవర్ కాల్చి గుచ్చినా సరిపోతుంది, ఆ పొగ పీల్చకుండా బయట చేయండి. ఎలుకలు తిరిగే చోటైతే కన్నాలకి లోపలినుంచి దోమతెర కాకుండా ఇనుప జాలీ వేయండి, దోమతెరని అవి ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. బకెట్‌ని రెండు ఇటుకల మీద నిలబెట్టి కింద పాత పళ్ళెం పెట్టండి. నీడ తప్పనిసరి, వానాకాలం పైన రేకో పట్టానో ఉండాలి.

అడుగున నాలుగంగుళాల మందాన కొబ్బరి పీచు, ఎండు పుల్లలు, ఆకులు పరచండి. దాని మీద పిడికెడు పాత కంపోస్ట్ చల్లండి. అది లేకపోతే పొడిచేసిన ఎండు పేడ, అదీ లేకపోతే ఒక గ్లాసు పుల్లమజ్జిగ. వేస్ట్ డీకంపోజర్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేసిన, చెత్తని అరిగించే సూక్ష్మజీవుల సీసా ఒకటుంది, రెండు కిలోల బెల్లంతో రెండొందల లీటర్ల నీళ్ళలో కలిపి పెంచుతారు దాన్ని. పొలం ఉన్నవాళ్ళకి బాగానే ఉంటుంది కానీ ఒక బకెట్‌కి అంత హంగామా ఎందుకు? రెండో విడత నుంచి మీ పాత ఎరువే మీకు తోడు, పాలు తోడేసినట్టే.

ఇక రోజూ చేసే పని అయిదు నిమిషాలు కూడా పట్టదు. తొక్కల్లో నీళ్ళు వంపేసి, పెద్దవైతే రెండంగుళాల ముక్కలు చేసి వేయండి, పైన రెండింతలు ఆకులు పరవండి. తొక్క ఒక్కటి కూడా పైకి కనబడకూడదు, కనబడితే దోమల్లాంటి చిన్న చిన్న ఈగలు వాలతాయి. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో కిందా మీదా తిప్పండి. తడి సరిపోయిందా లేదా అని అనుమానం వస్తే పిడికెడు తీసి గట్టిగా పిండి చూడండి, వేళ్ళ మధ్య ఒకటో రెండో చుక్కలు ఊరితే బాగున్నట్టు, ధారగా కారితే ఆకులు పెంచాలి, పొడిపొడిగా రాలిపోతే నీళ్ళు చిలకరించాలి. మే నెల ఎండల్లో నీళ్ళు, ఆగస్టు ముసురులో ఆకులు, మా దగ్గర ఇదీ వరస.

ఏం వేయొచ్చంటే వంటింట్లో మొక్క నుంచి వచ్చిందేదైనా వేయొచ్చు. తోటకూర కాడలు, అరటితొక్కలు, టీ పిప్పి, కాఫీ పిప్పి, నలిపిన గుడ్డు పెంకులు, దారం తీసేసిన దేవుడి పూలు. నిమ్మ, బత్తాయి తొక్కలు కొంచెమైతే ఏమీ కాదు. మిగిలిన అన్నం గుప్పెడైతే ఫరవాలేదు, గిన్నెడైతే ముద్దకట్టి పులుస్తుంది. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, ములక్కాడ పిప్పి ఓ పట్టాన అరగవు. పాడైపోయిన ఆవకాయ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఆ ఉప్పూ నూనె మొక్కకి విషమే. తెగులు పట్టిన మొక్కలు, పూత మీదున్న వయ్యారిభామ, తుంగ గడ్డలు కూడా వద్దు. పళ్ళ మీద అంటించే స్టిక్కర్లు తీసేయండి, నా టమాటా కుండీలో ఒకటి రెండేళ్ళుగా చెక్కుచెదరకుండా కనిపిస్తోంది.

మాంసం ముక్కలు, చేప తలలు బకెట్‌లో వేస్తే పిల్లులూ ఎలుకలూ మీ మిద్దె మీదే కాపురం పెడతాయి. సముద్రం పక్కనుండి చేప వాడకుండా ఎలా అంటారా, దానికి వేరే దారుంది. చేప వ్యర్థాలు ఎంతుంటే అంతే బరువు బెల్లం కలిపి, మూత వదులుగా పెట్టిన జాడీలో నీడన మూడు నాలుగు వారాలు ఉంచి వడకడితే వచ్చే ద్రవ ఎరువే మీనామృతం. లీటరు నీళ్ళకి ఒక చెంచా చాలు.

పురుగులు కనబడితే కంగారు పడకండి

ఎక్కువమంది మధ్యలో మానేసేది ఇక్కడే. ఒక రోజు మూత తీస్తే తెల్లగా, బూడిదరంగులో లావుపాటి పురుగులు వందల కొద్దీ కదులుతూ ఉంటాయి. చూడ్డానికి ఒళ్ళు జలదరిస్తుంది, ఒప్పుకుంటాను. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. పెద్ద ఈగ కుట్టదు, మన అన్నం మీద వాలే రకమూ కాదు. పిల్లలు మాత్రం తడిచెత్తని మనం నమ్మలేనంత వేగంగా తినేస్తాయి. ముదిరాక నల్లబడి వాటంతట అవే బయటికి పాకిపోతాయి, మా మిద్దె మీద గోరింకలు వాటికోసం కాచుకుని కూర్చుంటాయి. మరీ చూడలేకపోతే ఆకులు ఎక్కువ వేసి తడి తగ్గించండి, తగ్గుతాయి.

తెల్లటి బూజు వస్తే మంచిదే, ఆకుల్ని అరిగించేది అదే. చీమలు పట్టాయంటే బకెట్ ఎండిపోయిందని అర్థం, నీళ్ళు చల్లి తిప్పండి. కంపు కొడితే ఏం చేయాలో ఈపాటికి మీకే తెలిసి ఉంటుంది.

బకెట్ నిండడానికి మా ఇంట్లో నెల పైనే పడుతుంది, ఎందుకంటే పైన వేస్తుంటే కింద కుంగిపోతూ ఉంటుంది. నిండాక ఆ రోజు తేదీ మూత మీద రాసి, ఇక కొత్త చెత్త వేయకుండా పక్కన పెట్టేయండి. వారానికోసారి తిప్పితే చాలు. రెండు నెలలు, చలికాలమైతే ఇంకో పదిహేను రోజులు. చివరికి మూడో వంతే మిగులుతుంది, ఇంతేనా అనిపిస్తుంది.

పెరడు ఉన్నవాళ్ళు బకెట్ గొడవ లేకుండా కుప్ప వేసుకోవచ్చు, కనీసం మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉండాలి. మా అమ్మమ్మ ఊళ్ళో ఇంటెనక గెత్తం కుప్ప, అంటే పెంటపోగు ఉండేది, పొద్దున్నే తవ్వితే ఆవిరి లేచేది. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషాయన 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో ఉండి, పేడా ఆకూ అలములూ పొరలుగా వేసే పద్ధతిని ప్రపంచానికి చెప్పాడు. ఇక్కడి రైతుల దగ్గర తాను ఎంతో నేర్చుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. కుప్ప పెద్దదైతే లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడుతుంది, కలుపు విత్తనాలు చచ్చిపోతాయి. బకెట్‌లో అంత వేడి నిలవదు, అందుకే బకెట్ ఎరువు వేసిన కుండీల్లో టమాటా, బొప్పాయి, గుమ్మడి అడక్కుండానే మొలుస్తాయి.

ఎరువు అయిందో లేదో ముక్కు చెబుతుంది, తొలకరి మట్టి వాసన రావాలి. ఇంకా అనుమానముంటే తడిగా ఉన్న పిడికెడు ఎరువుని కవర్లో గట్టిగా కట్టి మూడు రోజులాగి విప్పండి, దుర్వాసన వస్తే ఇంకా మాగాలి. తొందరపడి పచ్చి ఎరువు వేస్తే అది కుళ్ళడానికి మట్టిలోని నత్రజనినే లాక్కుంటుంది, మొక్క పసుపెక్కిపోతుంది. ఒకసారి వంగ నారు మొత్తం అలా పోగొట్టుకున్నాను. పూర్తయినదాన్ని జల్లించి, పైన మిగిలిన పిప్పిని కొత్త బకెట్ అడుగున వేయండి.

కుండీ కొత్తగా నింపేటప్పుడు ఎర్రమట్టి ఒక పాలు, కంపోస్ట్ ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి వేస్తాను. మిద్దె మీద బరువు తగ్గాలి కాబట్టి ఈ కొలత, నేల మీద అయితే కోకోపీట్ అక్కర్లేదు. ఒట్టి కంపోస్ట్‌లో మొక్క పెట్టొద్దు, అది నెలనెలా కుంగిపోతుంది, నీరు ఎక్కువ పట్టి వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతాయి. పాత కుండీలకి మూడు నాలుగు వారాలకోసారి పైమట్టి గుల్లచేసి రెండు గుప్పెళ్ళు కాండానికి నాలుగు వేళ్ళ దూరంలో చుట్టూ వేసి, పైన ఎండుటాకులు కప్పి నీళ్ళు పోయండి. ఎండకి వదిలేస్తే అందులోని ప్రాణమంతా పోతుంది. పాలకూర, మెంతికూర, గోంగూరకి ఇదే సరిపోతుంది, కోసిన ప్రతిసారీ పలచగా చల్లితే చాలు. టమాటా, వంగ, బీర, సొర లాంటివి కాపు మీదున్నప్పుడు తిండిపోతులు. కంపోస్ట్‌లో నత్రజని వందకి ఒకటో ఒకటిన్నరో ఉంటుంది అంతే, కాబట్టి వాటికి ఆముదం పిండో వేపపిండో తోడు కావాలి. కంపోస్ట్ ఒక్కటే వేసి కాయలు రావట్లేదని తిట్టుకోవద్దు.

కింద పళ్ళెంలో కారే నల్లటి నీళ్ళని అమృతం అని చెప్పేవాళ్ళున్నారు. నేనైతే ఒక పాలుకి పదిపాళ్ళ నీళ్ళు కలిపి మందారం, కరివేపాకు మొదళ్ళలోనే పోస్తాను, పచ్చిగా తినే కొత్తిమీర లాంటివాటి దగ్గరికి తీసుకెళ్ళను. అసలు రోజూ అంత కారుతోందంటే ఆకులు తక్కువ వేస్తున్నారన్నమాట.

మిగిలిన ఎరువుని గోనెసంచిలో, కాస్త చెమ్మ ఉండగానే నీడన పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్లో బిగించొద్దు. మీరు చదువుతున్నది మాఘమో ఫాల్గుణమో అయితే బకెట్ సంగతి వచ్చే వారం చూసుకోవచ్చు, రేపు పొద్దున్న సంచి పట్టుకుని వీధిలోకి వెళ్ళండి.