అద్దె ఇంట్లో కరెంటు పొదుపు – 3వ పాఠం: మీటరు దీపంతో లెక్క

పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను. రోజూ ఒకే వేళకు మీటరు అంకె నోటుబుక్కులో రాయమన్నాను. మొదటి రోజుది కలుపుకుని వారం రాసినవాళ్ళ దగ్గర ఇప్పుడు ఎనిమిది అంకెలు, వాటి మధ్య ఏడు తేడాలు ఉంటాయి. ఒక్కో తేడా ఆ రోజు మీ ఇంట్లో కాలిన యూనిట్లు. రాయనివాళ్ళు ఇక్కడే ఆగి, ముందు ఆ పని ముగించుకుని రండి. ఈసారి చేయబోయే లెక్కంతా ఆ ఏడు తేడాల మీదే నిలబడుతుంది.

రోజుకు ఆరు యూనిట్లు కాలుతున్నాయని తెలిసింది, సరే. ఆ ఆరింటిలో ఫ్యానుది ఎంత? ఫ్రిజ్జుది ఎంత? గీజరుది ఎంత? ఇది తెలియకుండా పొదుపు మొదలుపెడితే సెల్లు చార్జరు పీకడంలోనే ఓపికంతా అయిపోతుంది. అవతల బాత్రూములో గీజరు గంటసేపు ఎర్ర లైటుతో అలాగే ఉంటుంది. సొంతిల్లయితే మిద్దె మీద సోలారు పలకలు పెట్టుకుంటాం, పాత వైరింగు పీకేసి కొత్తది వేయించుకుంటాం. అద్దెకున్నవాళ్ళం గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. మీటరు చూడటానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. అందుకే ఈ విద్య ముందుగా అద్దెవాళ్ళకే రావాలని నా పట్టుదల.

మీటరు ముందు నిలబడండి. అంకెలు కనబడే గాజు పక్కన చిన్న ఎర్ర దీపం ఆగి ఆగి మెరుస్తుంటుంది. కరెంటు వస్తోందని చెప్పడానికే అది ఉందని చాలామంది అనుకుంటారు. అది చేసేది లెక్క. మీటరు పలక మీద ‘ఐఎంపీ’ అన్న ఇంగ్లీషు అక్షరాల దగ్గర ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది: 3200, 1600, 6400, ఇలా కంపెనీని బట్టి మారుతుంది. 3200 అని ఉంటే, ఆ దీపం 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడవడం. ఇంత తెలిస్తే చేతిలో గడియారం పెట్టుకుని ఇంట్లో ఏ వస్తువుకు ఎన్ని వాట్లు పడుతున్నాయో మనమే తేల్చవచ్చు. పాత పళ్ళెం తిరిగే మీటరైనా పద్ధతి ఇదే, మెరుపుల బదులు పళ్ళెం మీది నల్ల గీత ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి.

లెక్క ఇది. 60,000ను మీ మీటరు మీది అంకెతో భాగించండి. 3200 మీటరుకు 18.75 వస్తుంది, 1600 మీటరుకు 37.5. దాన్ని మీటరు పలకకు దగ్గర్లో గోడ మీద పెన్సిలుతో చిన్నగా రాసిపెట్టుకోండి. నిమిషంలో దీపం ఎన్నిసార్లు మెరిసిందో ఆ సంఖ్యతో హెచ్చిస్తే, ఆ నిమిషంలో ఇల్లు లాగుతున్న వాట్లు వచ్చేస్తాయి. కింద నేను చెప్పే అంకెలన్నీ 3200 మీటరువి.

ముందు మీ మీటరు ఏదో ఖాయం చేసుకోండి. తిరుపతిలో మూడు నాలుగు పోర్షన్ల ఇళ్ళలో మీటర్లన్నీ మెట్ల కింద వరసగా ఉంటాయి. బిల్లు మీది సర్వీసు నంబరు, మీటరు దగ్గర రాసి ఉన్న నంబరు ఒకటేనా చూడండి. అంతటితో వదలకండి. ఇంట్లో ఒకరు ఇస్త్రీపెట్టె వేయాలి, కింద ఒకరు సెల్లు పట్టుకుని నిలబడాలి. నేనూ మా చెల్లెలూ అలాగే చేశాం. “అక్కా, వేసినా, చూడు” అని అది పైనుంచి చెప్పగానే కింద ఒక దీపం గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అదే మాది.

ఇప్పుడు ఫ్యాను. ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, ఫ్రిజ్జు ప్లగ్గు కూడా పది నిమిషాలు తీసి, హాల్లో ఒక్క ఫ్యాను అయిదులో పెట్టండి. మామూలు సీలింగు ఫ్యానుకు నిమిషానికి నాలుగు మెరుపులే వస్తాయి. ఇంత నెమ్మదిగా వచ్చేవాటిని ఒక్క నిమిషం లెక్కపెడితే తప్పుతుంది, అయిదు నిమిషాలు లెక్కపెట్టి అయిదుతో భాగించండి. నాకు అయిదు నిమిషాల్లో 20 వచ్చాయి, అంటే 75 వాట్లు. తర్వాత ఫ్యానును రెండుకు తగ్గించి మళ్ళీ లెక్కపెట్టాను. రెక్కలు కంటికి ఆనేంత నెమ్మదిగా తిరుగుతున్నాయి, మెరుపులు మాత్రం 16 వచ్చాయి. ఫ్యాను వేగం సగానికి పైగా పడిపోతే కరెంటు తగ్గింది అయిదో వంతే! స్విచ్చుబోర్డు మీద చెయ్యి పెడితే రెగ్యులేటరు వెచ్చగా తగిలింది. అది పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటరు. ఫ్యానుకు పోవలసిన కరెంటును తాను వేడి చేసి పారబోస్తుంది. పడకగదిలో చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ఉంది. దాని మీద అదే రకం ఫ్యాను రెండులో పెడితే 8 మెరుపులే వచ్చాయి. డబ్బా తీసి చిన్నది పెట్టడం ఎలక్ట్రీషియనుకు కొద్ది నిమిషాల పని. ఓనరుకు ఒక మాట చెప్పి చేయించండి, సామాన్యంగా ఎవరూ కాదనరు.

బీఎల్‌డీసీ ఫ్యాను కొనాలా అని చాలామంది అడుగుతారు. అంటే తక్కువ కరెంటు తాగే వేరే రకం మోటరున్న ఫ్యాను. అది 28 నుంచి 35 వాట్లలో పూర్తి వేగంతో తిరుగుతుంది. 28 వాట్లది అనుకుంటే పాత దానికీ దీనికీ తేడా 47 వాట్లు. రోజుకు 12 గంటలు వేస్తే నెలకు 17 యూనిట్లు మిగులుతాయి. మన ఊళ్ళో ఫ్యాను ఆపి పడుకునే రాత్రులు మార్గశిరంలో కొన్ని తప్ప ఉండవు కాబట్టి, ఎక్కువసేపు తిరిగే ఒక్క ఫ్యానైనా మార్చమంటాను. ఓనరు ఫ్యానును గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ బిగించి మీది మీరు తీసుకుపోవచ్చు. ఒక జాగ్రత్త: బీఎల్‌డీసీ ఫ్యానును పాత రెగ్యులేటరు మీదుగా నడపకూడదు. రెగ్యులేటరును తప్పించి నేరుగా స్విచ్చుకు ఇవ్వమని బిగించేవాడికి చెప్పండి.

గీజరు దగ్గర దీపం పిచ్చిగా కొట్టుకుంటుంది. 2000 వాట్ల గీజరుకు నిమిషానికి 107 మెరుపులు. కంటితో పట్టడం కష్టం. సెల్లులో పదిహేను సెకన్లు వీడియో తీసి నిదానంగా చూస్తే 27 దాకా లెక్క తేలుతుంది. పది నిమిషాలు వేస్తే మూడోవంతు యూనిట్. ఒక మనిషి స్నానానికి ఒక బక్కెట్టు నీళ్ళు గోరువెచ్చన కావడానికి అంత చాలు. పోయేది ఎక్కడంటే, పొద్దున ఆరింటికి వేసి, ఏడున్నరకు చివరి మనిషి స్నానం అయ్యేదాకా వదిలేయడంలో. మధ్యలో నీళ్ళు చల్లారడం, గీజరు మళ్ళీ మళ్ళీ కాచడం జరుగుతూ ఉంటుంది. వరసగా అందరూ ఒకేసారి కానిచ్చేయండి, చివరి బక్కెట్టు పట్టుకోకముందే స్విచ్చు తీయండి. గంగమ్మ జాతర నెలలో అయితే సాయంత్రం మిద్దె మీది ట్యాంకు నీళ్ళే చెయ్యి కాలేలా వస్తాయి, గీజరు జోలికే పోనక్కర్లేదు.

ఫ్రిజ్జును నిమిషాల లెక్కతో పట్టలేం. లోపలి కంప్రెసరు కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. నడిచేటప్పుడు లెక్కపెడితే భయపడతాం, ఆగినప్పుడు లెక్కపెడితే మురిసిపోతాం, రెండూ నిజం కావు. దీనికి తిరుపతివాళ్ళకు మంచి వీలుంది. కొండకు పోయి రాత్రి అక్కడే ఉండి వచ్చే రోజున, ఫ్రిజ్జు తప్ప అన్నీ ఆపి, బయల్దేరేటప్పుడు మీటరు అంకె, టైము రాసుకోండి. వచ్చాక మళ్ళీ రాయండి. చుక్క తర్వాతి అంకెలు కూడా వదలకండి. ఎన్ని గంటలకు ఎంత కాలిందో తెలిస్తే 24 గంటలకు లెక్క కట్టవచ్చు. రోజుకు రెండు యూనిట్లు దాటుతుంటే ముందు తలుపు రబ్బరు చూడండి. పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు వదులైనట్టు. గోడకు ఆనించి ఉంటే జానెడు ముందుకు జరపండి.

రిమోటుతో ఆపిన సెట్‌టాప్ బాక్సు మా ఇంట్లో పది నిమిషాలకు అయిదు మెరుపులు చూపించింది. తొమ్మిది, పది వాట్లు. చిన్నదే, కానీ రాత్రింబవళ్ళు కలిపితే నెలకు ఏడు యూనిట్ల దాకా అవుతుంది. గోడ స్విచ్చు తీయడం అలవాటు చేసుకోండి. సెల్లు చార్జరు గురించి మాత్రం పిల్లలను తిట్టకండి, ఖాళీగా ఉన్న చార్జరుకు పోయేది లెక్కలోకి రాదు.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన పరీక్ష. ఇంట్లో అన్నీ ఆపి, లోపలి మెయిన్ స్విచ్చు కూడా దించి, మీటరు దగ్గరకు పోయి నిలబడండి. దీపం మెరవకూడదు. మెరిస్తే మీ ఇంట్లో లేనిదేదో మీ మీటరు మీద నడుస్తోందన్న మాట.

నాకు ఇది తిరుపతి బైరాగిపట్టెడలో అద్దెకు ఉన్నప్పుడు జరిగింది. ఏసీ లేదు, ఉండేది ఇద్దరం, అయినా నెలకు 190 యూనిట్లు. ఎక్కడ పోతోందో అర్థం కాక, లైట్లు ఆర్పలేదని ఒకరినొకరు అనుకునేవాళ్ళం. ఒక రోజు తెల్లవారుజామున మెయిన్ దించి కిందికి పోయాను. చీకట్లో మా మీటరు దీపం టకటకా కొట్టుకుంటోంది. లెక్కపెడితే నిమిషానికి 55, అంటే వెయ్యి వాట్ల పైమాటే. అంతలో పెరట్లో మోటరు ఆగింది, దీపమూ ఆగిపోయింది. నాలుగు పోర్షన్లకు ట్యాంకు నింపే మోటరు మా మీటరు మీద నడుస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. రెండేళ్ళు కట్టాం ఆ బిల్లు.

కోపంగా పోలేదు. మా ఓనరు పెద్దాయనను మర్నాడు ఆ వేళకే పిలుచుకొచ్చి దీపం చూపించాను. ఆయన కాసేపు దాన్నే చూసి, “ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియను పెట్టింది తల్లీ. ఏ మీటరుకు తగిలించినాడో నేను చూడలా” అన్నాడు. వారంలో తన మీటరుకు మార్పించాడు. ఆ తర్వాత మూడు నెలలు అద్దెలో కొంత తగ్గించుకున్నాడు కూడా. మాటలతో చెప్పి ఉంటే వాదన అయ్యేది. కళ్ళముందు మోటరుతోపాటు ఆగిన దీపాన్ని ఎవరూ కాదనలేరు.

ఇక్కడ గట్టిగా చెబుతున్నాను: చూడటం, లెక్కపెట్టడం మాత్రమే మన పని. మీటరు సీలు ముట్టకండి, అక్కడి వైర్లు కదపకండి. ప్రాణానికే ముప్పు, పైగా మీటరును తాకి తారుమారు చేయడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం నేరం. వైరు మార్చే పని ఓనరు ద్వారా ఎలక్ట్రీషియను చేయాలి. మీటరే తప్పు చూపిస్తోందని అనుమానముంటే కరెంటాఫీసులో రాసివ్వాలి.

లెక్కలన్నీ వచ్చాక వాటిని రూపాయల్లోకి మార్చాలి. 2022 ఏప్రిల్ నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళకు అమల్లోకి వచ్చిన శ్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. మీ బిల్లు మీది ధరలతో సరిచూసుకోండి. స్థిర చార్జీలు, సుంకం, సర్దుబాటు చార్జీలు వేరుగా వస్తాయి. మనం మిగిల్చే యూనిట్ ఎప్పుడూ పై శ్లాబు నుంచే తగ్గుతుంది. 240 యూనిట్లు కాల్చేవాళ్ళు 15 తగ్గిస్తే మిగిలేది ఒక్కోటి 8.75 చొప్పున 131 రూపాయలు.

రెండు పోర్షన్లకు ఒకటే సర్వీసు ఉన్నచోట ఈ శ్లాబులే అద్దెవాళ్ళ నడ్డి విరుస్తాయి. చెరి 150 యూనిట్లు కాల్చే రెండు ఇళ్ళకు వేర్వేరు మీటర్లుంటే ఒక్కో ఇంటికి యూనిట్ల ధర 567 రూపాయలు, ఇద్దరికీ కలిపి 1134. అదే 300 యూనిట్లూ ఒకే మీటరు మీద పడితే 1673. వాడకం ఒకటే, 539 రూపాయలు ఎక్కువ. ఇల్లు వెతుక్కునేటప్పుడే “మాకు వేరే సర్వీసు ఉందా, సబ్‌మీటరా?” అని అడగండి. సబ్‌మీటరైతే అంటే అసలు మీటరు తర్వాత ఓనరు సొంతంగా పెట్టించిన లోపలి మీటరైతే, అసలు బిల్లు చూపించమని అడగడంలో తప్పేమీ లేదు.

వచ్చే పాఠానికి పని: నోటుబుక్కులో ఒక పేజీకి మూడు గళ్ళు గీయండి. వస్తువు పేరు, మీరు లెక్కపెట్టిన వాట్లు, రోజుకు ఎన్ని గంటలు. వాట్లను గంటలతో హెచ్చించి వెయ్యితో భాగించి, అన్నీ కూడండి. ఆ మొత్తాన్ని పోయిన వారం రాసిన రోజువారీ తేడాల పక్కన పెట్టండి. అర యూనిట్ అటూ ఇటూ ఉంటే లెక్క కుదిరినట్టే. అంతకన్నా ఎక్కువ తేడా వస్తే ఏదో ఒక వస్తువు మీ కన్నుగప్పింది, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మీటరు దగ్గరకు పోయి చూడండి. నాలుగో పాఠంలో పడమటి గోడ, మిద్దె వేడి, ఏసీ. అప్పుడు ఈ పేజీ పక్కన పెట్టుకుని కూర్చోవాలి.