ప్రభువు బల్లకు ముందు చూసుకోవాల్సినవి

రేపు మొదటి ఆదివారం, మా సంఘంలో బల్ల, అంటే యేసును గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు నాలుగు మాటలు.

– ఈ రాత్రే మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. 1 కొరింథీ 11:28 చెప్పేది అదే. "నాకు అర్హత ఉందా" అని టెన్షన్ పడి మానేయమని కాదు, పరీక్షించుకుని తినమనే అక్కడున్నది.

– ఎవరితోనైనా మాటలు లేవా? ముందు ఫోన్ చేయండి. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి, వెళ్లి సహోదరుడితో సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు (మత్తయి 5:23-24). అన్నిటికంటే కష్టం ఇదే. గట్టు తగాదా పడ్డ తమ్ముడు పక్క వరసలోనే కూర్చుంటాడు మరి!

– బాప్తిస్మం గుర్తుచేసుకోండి. నీళ్లలో మునగడం క్రీస్తుతో పాటు సమాధి కావడం, పైకి లేవడం కొత్త బ్రతుకు (రోమా 6:4). అది ఒక్కసారే. బల్ల మాత్రం ఆయన వచ్చేవరకూ మళ్లీ మళ్లీ.

– వేరే సంఘానికి వెళ్తే పాస్టర్‌గారిని ముందే అడగండి. బాప్టిస్టులు బాప్తిస్మం నీళ్లలో ముంచి ఇస్తారు. సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్లకు సాధారణంగా కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ఆరాధన) తర్వాతే బల్ల. కతోలికులు బల్ల తీసుకోవడానికి గంట ముందు నుంచి ఏమీ తినరు. మంచినీళ్లు, మందులు పర్వాలేదు.

– ద్రాక్షరసం గ్లాసు బుల్లిది, అంచుదాకా పోస్తారు. తెల్లచీరలు జాగ్రత్త, ఆ మరక ఓ పట్టాన వదలదు.