రెండు దేశాలూ పన్ను కట్టమంటే

నేనో దేశంలో, మా ఆవిడా పిల్లలూ ఇంకో దేశంలో. పన్ను లెక్కకు నన్ను రెండుచోట్లా రెసిడెంటే (అంటే అక్కడి నివాసే) అన్నారు. ఒకటే టెన్షన్. ఏడాదిలో 183 రోజులు ఎక్కడుంటే అక్కడి రెసిడెంటనే లెక్కతోనే తేలిపోతుందనుకోవడం నా పొరపాటు.

ముందు ఆ రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉందో లేదో చూడండి. ఉంటే నివాసం గురించి చెప్పే ఆర్టికల్ తీయండి; ఇలాంటి ఒప్పందాలకు ఓఈసీడీ అనే దేశాల కూటమి రాసిన నమూనాలో అది నాలుగోది. శాశ్వత నివాసం ఎక్కడుందన్నది మొదటి ప్రశ్న. రెండుచోట్లా ఉంటే కుటుంబ, ఆర్థిక బంధాలు ఎటు ఎక్కువో చూస్తారు. అదీ తేలకపోతే మామూలుగా ఉండే చోటు, ఆ తర్వాత పౌరసత్వం. నా విషయం పిల్లల స్కూలు ఫీజు రసీదుల దగ్గరే తేలిపోయింది!

తర్వాత, ఏ దేశపు రెసిడెంటని తేలిందో అక్కడి పన్ను శాఖ నుంచి ఆ మేరకు రెసిడెన్సీ సర్టిఫికెట్ తీసుకోండి. బయటి దేశంలో 100 కట్టినా, అదే ఆదాయం మీద మీరు రెసిడెంటని తేలిన దేశంలో 70 మాత్రమే పడితే క్రెడిట్ (బయట కట్టినందుకు ఇక్కడి పన్నులో ఇచ్చే తగ్గింపు) సాధారణంగా 70కే. మిగతా 30 మీద ఆశ పెట్టుకోకండి. అక్కడ పన్ను కట్టిన రుజువు మాత్రం రిటర్న్ వేసేముందే తెప్పించుకోండి.