చిన్న గేమ్ స్టూడియో తన కబురు ఎలా చెప్పాలి

విశాఖలో ఇద్దరో ముగ్గురో కలిసి గేమ్ చేస్తున్నారనుకోండి. కోడ్ వచ్చు, బొమ్మలు వచ్చు, కానీ పని ఎక్కడిదాకా వచ్చిందో నెలకోసారి నాలుగు ముక్కలు రాయమంటే మాత్రం చేతులు ఆడవు. ఎంవీపీ కాలనీలో ఓ మేడ మీద గదిలో మేం ముగ్గురం రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాం కాబట్టి, మాకు తెలిసింది చెబుతున్నా.

ముందు ఒక్క విషయం ఎంచుకోండి. నెలలో ఇరవై పనులు చేసుంటారు, అన్నీ పేర్చి రాయాలనిపిస్తుంది, కానీ చదివేవాళ్లకి కంటికి కనబడేది ఒక్కటి చాలు. మాది చేపల వేట గేమ్. మొదట్లో "వాటర్ సిస్టమ్ మెరుగుపరిచాం" అని రాశాం, ఎవరూ పలకలేదు. అదే పనిని తర్వాత "వల లాగేటప్పుడు పడవ ఒక పక్కకి ఒరుగుతుంది, ఆశకుపోయి ఇంకా లాగితే నీళ్లు లోపలికొస్తాయి" అని రాసి, కింద ఏడు సెకన్ల వీడియో పెడితే గంట తిరక్కుండానే ఎప్పుడు ఆడొచ్చని అడగడం మొదలుపెట్టారు.

వీడియో దగ్గర తొందరపడకండి. మొదటి సెకనులోనే ఏదో ఒకటి జరుగుతుండాలి, లోగోతోనో నల్ల తెరతోనో మొదలుపెడితే జనం వేలితో తోసేసి వెళ్లిపోతారు. సౌండ్ లేకపోయినా అర్థం కావాలి, బస్సులో ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని చూసేవాళ్లు బోలెడుమంది.

స్క్రీన్‌షాట్‌లో తెలుగు ఉంటే ఒక్కో అక్షరం చూసుకోండి. గేమ్‌లు తయారుచేసే ఇంజిన్ యూనిటీలో అక్షరాలు చూపించడానికి ఎక్కువగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రో మన వత్తుల్ని తనంతట తాను సరిగ్గా కలపదు. మా గేమ్‌లో జెట్టీ బోర్డు మీద "మత్స్యకారుల" అన్న మాటలో త కింద పడాల్సిన స, య వత్తులు విడివిడిగా, పొల్లులతో వరసగా నిలబడ్డాయి. మనవాళ్లకి అది వెంటనే కళ్లలో పడుతుంది. గోడాట్ అనే ఇంకో ఇంజిన్‌లో అయితే 4వ వెర్షన్ నుంచి ఈ కలపడం అదే చూసుకుంటుంది. యూనిటీలోనే ఉండాలనుకుంటే ఆ బోర్డుని బొమ్మగా గీసి పెట్టేయడం తేలిక దారి.

తేదీ చెప్పే ముందు బిల్డ్, అంటే ఆడించడానికి సిద్ధమైన గేమ్, నిజంగా చేతిలో ఉందో లేదో చూసుకోండి. మేం సంక్రాంతికి డెమో అన్నాం. పండక్కి వారం ముందు సేవ్ ఫైళ్లు చెడిపోతున్నాయని తేలింది, ఆ టెన్షన్‌లో ఎవరికీ ఏమీ చెప్పకుండా ఉండిపోయాం. ఆలస్యమైనందుకు ఎవరూ కోప్పడలేదు, ఒక్క మాటైనా చెప్పనందుకు బాధపడ్డారు. వాయిదా పడితే మొదటి వాక్యంలోనే చెప్పండి, కారణం ఒక్క ముక్కలో రాయండి, కొత్త తేదీ తెలియకపోతే తెలియదనే రాయండి.

ప్రతి కబురు చివరా స్టోర్ పేజీ లింక్ ఉండాలి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు కట్టాలి, అమ్మకాలు 1,000 డాలర్లు దాటాక అది తిరిగొస్తుంది. "త్వరలో" పేజీ విడుదలకి కనీసం రెండు వారాల ముందు ఉండాలన్నది వాళ్ల నియమం. మీరు మాత్రం అంతదాకా ఆగకండి, చూపించదగ్గ వీడియో ఒకటి రాగానే పెట్టేయండి, ఎందుకంటే విష్‌లిస్ట్‌లో, అంటే కొనాలనుకునేవాటి జాబితాలో, వేసుకున్నవాళ్లకి విడుదలైనప్పుడు స్టీమే మెయిల్ పంపుతుంది. రాబోయే గేమ్‌ల డెమోలతో స్టీమ్ జరిపే నెక్స్ట్ ఫెస్ట్ అయితే ఒక గేమ్‌కి ఒక్కసారే, ఉడికీ ఉడకని డెమోతో ఆ అవకాశం పోగొట్టుకోకండి.

పోస్ట్ చేసే ముందు, గేమ్ ఎవరి బతుకు గురించో వాళ్లకి ఒకసారి చూపించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి, మాట్లాడ్డానికి మనుషులకి కాస్త తీరిక ఉంటుంది. వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన మా వీడియో రెండుసార్లు చూసి, "బాబూ, గాలి ఇటు కొడతంటే వల అటు లాగరు" అన్నాడు. ఆ రాత్రి అది మార్చి, మళ్లీ రికార్డ్ చేసి, మర్నాడు పోస్ట్ చేశాం.