బ్రాయిలర్ దాణాలో ఈస్ట్ కలపడం ఎలా?

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు దాణా సొంతంగా కలుపుకునే చిన్న ఫారాలు చాలా ఉన్నాయి. ఈస్ట్ వేశాం, ఏమీ తేడా లేదండీ అని అక్కడ తరచూ వింటాను. ఎలా వేశారని అడిగితే ఒకటే జవాబు: ప్యాకెట్ చింపి బస్తా మీద చల్లి, చేత్తో నాలుగుసార్లు కెలికాం అని. అలా వేస్తే తేడా రాదు.

కావలసినవి: మేత కోసం అమ్మే లైవ్ ఈస్ట్ (బతికున్న ఈస్ట్ కణాల పొడి), గ్రాములు చూపే చిన్న కాటా, జల్లెడ, టార్పాలిన్, పార. కంపెనీతో ఒప్పందం మీద కోళ్లు పెంచేవారు మాత్రం వాళ్లను అడగకుండా ఏదీ కలపొద్దు.

బేకరీ ఈస్ట్ కూడా సాకరోమైసిస్ సెరివిసియే జాతిదే. అయినా నేను వాడను. మేత ఈస్ట్ ప్యాకెట్ మీద గ్రాముకు ఎన్ని జీవకణాలో రాసి ఉంటుంది, మోతాదు దాన్నిబట్టే. మా వైపు జీలుగు కల్లు మడ్డి పోస్తే చాలదా అంటారు. అందులో ఈస్ట్ ఉన్నమాట నిజమే, కానీ దాంతోపాటు బాక్టీరియా, ఆల్కహాల్, తేమ కూడా వస్తాయి. ఎంత వేశామో లెక్కా ఉండదు. వద్దు.

మోతాదు ప్యాకెట్ మీద ఉన్నంతే వేయాలి. నేను తెచ్చేదానికి టన్నుకు కిలో, అంటే 100 కిలోల దాణాకు 100 గ్రాములు. కాటా వేయండి, కంటి అంచనా పనికిరాదు.

అసలు కష్టం కలపడంలోనే ఉంది. వారం వయసు పిల్ల రోజుకు 30 గ్రాములకు అటూ ఇటూగా తింటుంది. అందులో దానికి దక్కాల్సిన ఈస్ట్ 30 మిల్లీగ్రాములు, గోటి మీద నిలిచేంత. బస్తా పైన చల్లితే ఒక పిల్లకు పదింతలు అందుతుంది, పక్కదానికి ఏమీ అందదు.

అందుకని మెట్లు మెట్లుగా కలపాలి. ముందు 100 గ్రాముల ఈస్ట్‌ను 900 గ్రాముల మెత్తని మొక్కజొన్న గుండలో కలిపి రెండుసార్లు జల్లించండి. నూకలో వద్దు, నూక సందుల్లోంచి సన్నటి ఈస్ట్ కిందికి జారి విడిపోతుంది. ఆ కిలోను తొమ్మిది కిలోల దాణాలో, ఆ పది కిలోలను మిగతా 90 కిలోల్లో కలపండి. చివరిది టార్పాలిన్ మీద పరిచి, పారతో ఈ కుప్ప నుంచి ఆ కుప్పకు కనీసం అయిదుసార్లు తిరగేయాలి. మూడుసార్లు చాలనేవాళ్లున్నారు. చాలదు. ఎక్కడా తడి తగలకూడదు, తడి తగిలితే ఈస్ట్ ఉండ కడుతుంది, దాణా బూజు పడుతుంది.

వేడి నీళ్లలో కరిగించి పోయడం, దాణాను గుళికలుగా (పెల్లెట్లుగా) తీసే ముందే వేయడం కూడా చూశాను. గుళికల యంత్రంలో ఆవిరికి దాణా 75 నుంచి 85 డిగ్రీలకు చేరుతుంది, అక్కడ జీవకణాలు బతకవు. గుళికలు చల్లారాకే వేయాలి. దాణాలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేసే అలవాటుంటే మానేయండి, అది ఈస్ట్‌నూ చంపుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటారా? ఈస్ట్ పైపొరలో ఉండే మన్నాన్‌లు అనే చక్కెర గొలుసులకు కొన్ని రకాల ఈ.కోలి, సాల్మొనెల్లా బాక్టీరియా అతుక్కుంటాయి. పేగుగోడను పట్టుకునే బదులు రెట్టతో బయటికి పోతాయి. కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మన దేశంలో 2019లోనే నిషేధించారు, ఇంకా యాంటీబయాటిక్ డబ్బాల వెంట పడటం ఎందుకు?

బూజు పట్టిన మొక్కజొన్నను ఈస్ట్ బాగు చేస్తుందని మాత్రం అనుకోకండి, ఆ గింజ పారేయాల్సిందే. వానాకాలంలో అయిదు రోజులకు సరిపడా దాణాయే కలపండి. మిగిలిన ఈస్ట్ మూత బిగించి, ఎండ తగలని చల్లటి చోట పెట్టండి.