పరిణామ, జీవావరణ శాస్త్రంలో పరిశోధకులు కావాలంటే

ఇంటర్ తరువాత తిరుపతి ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) వంటి చోట డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో చేరవచ్చు. అందుకు ఐసర్ ప్రవేశపరీక్ష ఐఏటీ రాయాలి. ఏ కోర్సులో ఉన్నా గణాంకశాస్త్రం ముందే నేర్చుకోండి, అడవి మీద మక్కువతో వచ్చినవారు తడబడేది తరచు అక్కడే.

పీహెచ్‌డీకి జీవికన్నా ముందు ప్రశ్నను ఎంచుకోవాలి. ప్రకృతివరణం (పరిస్థితులకు తగిన లక్షణాలున్న జీవులే ఎక్కువగా బతికి పిల్లలను కనడం) ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని జీవశాస్త్రవేత్తలైన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973లో పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో పని మొదలుపెట్టి, డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో ఫించ్ పక్షులను వలల్లో పట్టి, కాళ్లకు రంగు కడియాలు తొడిగి, ముక్కు పొడవు, లోతు (పైనుంచి కిందికి మందం), వెడల్పు కొలిచి వదిలేవారు. 1977 కరవులో చిన్న గింజలు అయిపోయి గట్టి గింజలే మిగలడంతో, వాటిని పగలగొట్టగల లోతైన ముక్కు పక్షులే ఎక్కువగా బతికాయి. వాటి పిల్లల ముక్కులూ సగటున పెద్దవయ్యాయి. కరవుకు ముందు కొలతలు లేకుంటే ఇది తేలేది కాదు.

అంతా కొలతల మీదే ఆధారపడుతుంది కనుక, మీ కొలతలో పొరపాటు ఎంతో తెలిసేలా ఒకే పక్షిని రెండుసార్లు కొలిచి తేడా ఎంతో రాసుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ మానకండి. మన అభయారణ్యాల్లో పనిచేయడానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి కనుక, సీజన్‌కు నెలల ముందే దరఖాస్తు పెట్టండి.