పుస్తకంలో ఒక చీటీ

పుస్తకం తీసి రెండో పేజీకి వచ్చేసరికి చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. ఏదో మాటకి అర్థం చూద్దామని తీస్తాను, అరగంట రీల్స్‌లో కొట్టుకుపోతుంది. ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చుని చదివినా ఇదే గోల.

ఇప్పుడు పాత కరెంటు బిల్లు మడిచి, పెన్సిల్ ముక్కతో సహా పుస్తకంలో పెడుతున్నాను. వెతకాలనిపించింది ఏదైనా, కొత్త మాటైనా, గ్యాస్ బుకింగ్ అయినా, దాని వెనక రాసేయడమే. ఫోన్‌లో 20 నిమిషాలకి అలారం పెట్టి వంటగదిలో వదిలేస్తాను. సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకుంటే లాభం లేదు, కన్ను అటే పోతుంది. అలారం మోగాక చీటీ చూస్తే సగం అక్కర్లేనివే! మొదటి వారం 10 నిమిషాలు చాలు.

రాత్రి భోంచేశాక పడుకుని చదివితే మాత్రం ఇది పనిచెయ్యదు. అలారం మోగేది మనల్ని నిద్ర లేపడానికే.